మోసుడు వేరు, గుంజుడు వేరు

నవంబరు పడిందంటే సోలాపూర్ చుట్టూ ఏ రోడ్డెక్కినా చెరకు ట్రాక్టర్లే. ఒక ట్రాక్టర్, దాని వెనక రెండు ట్రాలీలు, రెండు పక్కలా వేలాడే చెరకు గడలు. చీకటి పడ్డాక రెండో ట్రాలీకి వెనక ఎర్ర దీపం ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. సైకిల్ మీద రెండో పాళీ నుంచి ఇంటికి వచ్చేవాళ్ళకు ఆ భయం ఏమిటో చెప్పక్కరలేదు. ఒక బండి ఇంకో బండిని గుంజుకుంటూ పోవడం మనకు కొత్త కాదు. అయినా దాని లెక్క ఏమిటో నాకు సరిగ్గా తెలిసింది మాత్రం పోయినసారి అమెరికా వెళ్ళినప్పుడే. అది కూడా చెరకు బండిలో కాదు, సెలవులకు పోయే బండిలో.

మా చెల్లెలి కొడుకు డెన్వర్ పక్కన ఒక కార్ఖానాలో మెషీన్లు బాగుచేసే పని చేస్తాడు. పుట్టి పెరిగింది మన పూర్వభాగ్‌లోనే. డిప్లొమా చదివి, పూణెలో కొన్నాళ్ళు, దుబాయిలో కొన్నాళ్ళు చేసి అక్కడ చేరాడు. కిందటి సెప్టెంబరులో నన్ను పిలిపించుకున్నాడు. నలభై ఏళ్ళు సాంచాల మధ్య నిలబడ్డ మామకు నాలుగు కొండలు చూపిద్దామని వాడి ఆశ. ఆ కొండలు ఉన్నది పక్క రాష్ట్రం యూటాలో, మోయాబ్ అనే ఊరి దగ్గర. డెన్వర్ నుంచి 355 మైళ్ళు, అంటే మన లెక్కన 570 కిలోమీటర్లు.

అక్కడివాళ్ళు ఇటువంటి ఊళ్ళకు హోటల్ చూసుకుని పోరు. ఇల్లే వెంట తీసుకుపోతారు. పికప్ అంటే మన టెంపో లాంటిదే, కాకపోతే ముందు భాగం కారులా మెత్తగా ఉంటుంది, వెనక తెరిచిన డబ్బా. ఆ పికప్ వెనక ట్రైలర్ తగిలిస్తారు. ట్రైలర్‌లో రెండు మంచాలు, పొయ్యి, నీళ్ళ ట్యాంకు, పాయిఖానా అన్నీ ఉంటాయి. ఇది చాలదన్నట్టు పికప్ డబ్బాలో ఒక ఏటీవీని ఎక్కించుకుంటారు. ఏటీవీ అంటే నాలుగు లావు చక్రాల మోటార్‌సైకిల్. రోడ్డు లేనిచోట, రాళ్ళ మీద, ఇసుకలో పోవడానికి చేసిన బండి. కొన్ని రాష్ట్రాల్లో దీని మీద రోడ్డెక్కడానికి కుదరదు, కుదిరినా అన్ని వందల మైళ్ళు దాని మీద ఎవరూ కూర్చోరు. అందుకే మోసుకుపోవాలి. అంటే ఒక బండి రెండు పనులు చేస్తుంది. వీపున ఒకదాన్ని మోస్తుంది, తోకకు ఇంకోదాన్ని గుంజుతుంది.

మా వాడి దగ్గర పికప్ ఉంది. ట్రైలర్ పాతది, ఇంకో పనివాడి దగ్గర కొన్నాడు. ఏటీవీ కూడా పాతదే. వెళ్ళేది శుక్రవారం. బుధవారం సాయంత్రానికే మొత్తం ఎక్కించి, తగిలించి వాకిట్లో నిలబెట్టాడు. నేను చుట్టూ తిరిగి చూశాను. పికప్ వెనక చక్రాలు బాగా కుంగి ఉన్నాయి, ముందు దీపాలు ఆకాశం వైపు చూస్తున్నాయి. ఏటీవీ పొడవు పట్టక వెనక డాలా తెరిచే ఉంచాడు, ఆ డాలా అంచుకీ ట్రైలర్ మూతి మీదున్న జాకీకీ మధ్య జానెడు కూడా సందు లేదు. మలుపు తిరిగితే రెండూ ఒరుసుకునేట్టు ఉన్నాయి.

"ఎంత బరువైందిరా?" అని అడిగాను.

"ఏం కాదు మామా. ఈ బండి తొమ్మిది వేల పౌండ్లు గుంజుతది. అమ్మినోడే చెప్పిండు. మన ట్రైలర్ అయిదున్నర వేలే."

"గుంజుడు సరే. మోసుడు ఎంత?"

వాడు నా వైపు చూశాడు. ఆ మాట అమ్మినవాడు చెప్పలేదు, వీడు అడగలేదు.

ఈ ఒక్క సంగతి మన టెంపో వాళ్ళకూ, ట్రాక్టర్ వాళ్ళకూ కూడా పనికొస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. అక్కడ ప్రతి పికప్‌కూ డ్రైవర్ తలుపు తీస్తే, తలుపు మూసుకునే పక్క చట్రం మీద ఒక చీటీ అతికించి ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంత బరువు దాటకూడదు అని దాని మీద రాసి ఉంటుంది. ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయినా ఈ అంకె బండి బండికీ మారుతుంది. ఎందుకంటే సీట్లు, ఇంజిను, టైర్లు మారితే బండి సొంత బరువు మారుతుంది. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసేది గుంజే బరువు. ఈ మోసే బరువు మాత్రం తలుపు సందులో చిన్న చీటీ మీద ఉంటుంది.

మా వాడి బండి చీటీ మీద ఉన్నది 1,520 పౌండ్లు, అంటే 690 కిలోలు. (పౌండ్లను నేను కిలోలలోకి మార్చే రాస్తున్నాను, లేకపోతే మనకు తల తిరుగుతుంది.) ఇక లెక్క చూడండి. ఏటీవీ, అందులో పెట్రోలు, అన్నీ కలిపి 330. మనుషులం నలుగురం, వాడు, కోడలు, పిల్లవాడు, నేను, 235. ఇనుప ర్యాంపులు, హిచ్ సామాను, ఐస్ పెట్టె, పెట్రోలు డబ్బా 90. అప్పటికే 655 అయింది. "మరి ఇంకా 35 ఉంది కదా" అన్నాడు వాడు. ట్రైలర్‌ను లెక్కలోకే తీసుకోలేదు. ట్రైలర్‌ను గుంజుతున్నాం గదా, మోయడం లేదు గదా అని వాడి ఉద్దేశం.

ఎద్దుల బండి తోలినవాడెవడూ ఆ మాట అనడు. బండిలో బరువు ఇరుసుకు ముందు ఎంత, వెనక ఎంత అని చూసుకునే బస్తాలు వేస్తారు. వెనక ఎక్కువైతే నొగలు పైకి లేస్తాయి, కాడి ఎద్దుల మెడకు ఉరి బిగిస్తుంది. మరీ ముందుకు వేస్తే కాడి మెడ మీద కూర్చుని ఎద్దులు మోకాళ్ళ మీద పడతాయి. అందుకని కొంత బరువు, ఎప్పుడూ కొంత బరువు, ఎద్దుల మెడ మీద ఉండాలి. ట్రైలర్ కూడా అంతే. దాని మూతి పికప్ వెనక ఉన్న గుండు మీద కూర్చుంటుంది. మొత్తం ట్రైలర్ బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు ఆ గుండు మీద పడాలని అక్కడ లెక్క. దాన్ని టంగ్ వెయిట్ అంటారు, అంటే నాలుక బరువు. పదికి తగ్గితే ట్రైలర్ వేగంలో తోక ఆడించడం మొదలుపెడుతుంది, పాము ఊగినట్టు. ఒకసారి ఆ ఊపు పెరిగిందంటే ట్రైలర్ పికప్‌ను కూడా పడేస్తుంది. కాబట్టి ఆ బరువు తగ్గించి తప్పించుకోవడానికి వీల్లేదు. ఆ బరువు మోసేది పికప్పే. ట్రైలర్ 2,500 కిలోలు, అందులో నూటికి పన్నెండు వంతులు వేసుకున్నా 300 కిలోలు.

655కు 300 కలిపితే 955. చీటీ మీద ఉన్నది 690.

"కాగితం మీద లెక్క మామా ఇది. బండి ఊరికే గుంజింది గదా, మెల్లగ పోదాం" అన్నాడు. అప్పుడు నేను కాటా మీదికి పోదామన్నాను. ఊరి బయట, పెద్ద లారీలు ఆగే చోట పెట్రోలు బంకు పక్కనే కాటా ఉంటుంది. మన దగ్గర చెరకు కార్ఖానా గేటు దగ్గర ఉండేదాని లాంటిదే, కాకపోతే అక్కడిది మూడు ముక్కలుగా ఉంటుంది. బండి ముందు ఇరుసు ఒక ముక్క మీద, వెనక ఇరుసు ఇంకో ముక్క మీద, ట్రైలర్ చక్రాలు మూడో దాని మీద. పదిహేను డాలర్లకు అటూ ఇటూ తీసుకుంటారు, మూడు తూకాలు విడివిడిగా వేసిన చీటీ చేతిలో పెడతారు. ఎవరూ అరవరు, జరిమానా వేయరు. తెలుసుకోవాలనుకున్నవాడు తెలుసుకుని పోతాడు.

చీటీ వచ్చింది. పికప్ మొత్తం 3,440 కిలోలు, ఉండాల్సింది 3,175. అందులో వెనక ఇరుసు మీద 1,980, ఉండాల్సింది 1,720. మా కాగితం లెక్కకూ కాటా లెక్కకూ తేడా లేదు. వెనక ఇరుసు మీదే ఎక్కువ పడిందంటే కారణం ఉంది. గుండు మీది బరువు ఇరుసుకు వెనక వేలాడుతుంది గనుక తన బరువుతో పాటు ముందు చక్రాల మీది బరువును కూడా లేపి వెనకకు వేస్తుంది. ముందు దీపాలు ఆకాశం చూసింది అందుకే. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగూ బ్రేకూ కూడా తేలికవుతాయి.

వాడు ఆ చీటీ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. 1994లో వీళ్ళ నాన్న, మా బావ, చాదర్ల బేళ్ళు వేసిన టెంపోలో వెనక కూర్చుని తుళ్జాపూర్ ఘాట్ దిగుతున్నాడు. బేళ్ళు పట్టాల్సినవాటికంటే ఎక్కువ వేశారు, దిగుడులో బ్రేకు అందలేదు. ఆయన కాలు నలిగింది. తర్వాత ఆయన సాంచా ముందు నిలబడలేదు. కూర్చుని కండెలు చుట్టే పనికి మారాడు, కూలి సగమైంది. అప్పుడు వీడికి ఆరేళ్ళు. ఆ మాట నేను ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేకపోయింది. "తీసేద్దాం మామా" అని వాడే అన్నాడు.

ఇంటికి వచ్చాక పిల్లవాడు ఏడుపు. ఏటీవీ లేకుండా మోయాబ్ ఎందుకని. అక్కడ కిరాయికి దొరుకుతాయి, కానీ ఒకపూటకే వందల డాలర్లు. నీళ్ళ ట్యాంకు ఖాళీ చేసి పోతే 150 కిలోలు తగ్గుతాయి, కానీ అది ట్రైలర్ మీద తగ్గుతుంది, గుండు మీద తగ్గేది కొంచెమే. కోడలూ పిల్లవాడూ వేరే కారులో వచ్చినా ఇంకా బరువు ఎక్కువే. ఏ దారిన పోయినా ఆ పికప్‌తో ఏటీవీని వీపున మోస్తూ ట్రైలర్‌ను గుంజడం కుదరదు. ఏదో ఒకటే. కొందరు ట్రైలర్ లోపలే ఏటీవీ పట్టే రకం కొంటారు. కొందరు ట్రైలర్ వెనక ఇంకో చిన్న ట్రైలర్ తగిలిస్తారు, మన చెరకు ట్రాక్టర్ లాగే. అది కొన్ని రాష్ట్రాల్లో ఒప్పుకుంటారు, కొన్నింట్లో ఒప్పుకోరు.

చివరకు దారి చూపింది వాడితో పాటు పనిచేసే మెక్సికో అతను. ఆదివారాలు తోటపని కాంట్రాక్టులు చేసుకుంటాడు, అందుకని పెద్ద పికప్ పెట్టుకున్నాడు. డీజిల్ బండి, ఎనిమిది అడుగుల డబ్బా, తలుపు చీటీ మీద 1,700 కిలోలు. సెలవు పెట్టి తనూ వస్తానన్నాడు. డీజిల్ మా వాడిది, బండి అతనిది. కోడలూ పిల్లవాడూ వెనక కారులో.

ఎక్కించడంలోనూ ఒక వరస ఉంది. ముందు ఏటీవీ, తర్వాత ట్రైలర్. ట్రైలర్ తగిలించాక ర్యాంపులు వేయడానికి చోటు ఉండదు. దించేటప్పుడు తిరగేసి, ముందు ట్రైలర్ ఊడదీయాలి. ఏటీవీని ముందు గోడకు ఆనించి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టి, నాలుగు మూలలా రాచెట్ పట్టీలతో బిగించాడు అతను. స్ప్రింగులు కొంచెం దిగేదాకా బిగించాడు, పూర్తిగా అణిగేదాకా కాదు. పూర్తిగా అణిచితే గతుకులో పట్టీకి ఊపిరి ఉండదు, తెగుతుంది. ఎనిమిది అడుగుల డబ్బాలో బండి పూర్తిగా పట్టింది, డాలా మూసుకుంది.

ట్రైలర్ మూతిని గుండు మీద దించి, పిన్ను వేసి, మళ్ళీ జాకీతో ఎత్తి చూశాడు. మూతి గుండును పట్టుకుందా లేదా అనడానికి అదే పరీక్ష. పికప్ వెనక భాగం కూడా పైకి లేస్తే పట్టుకున్నట్టు. రెండు గొలుసులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా దాటించి తగిలించాడు. మూతి ఊడితే నేల మీద గుచ్చుకోకుండా ఆ అడ్డ గొలుసులే ఊయలలా పట్టుకుంటాయి. ఇంకో సన్నటి తీగ ఉంది. ట్రైలర్ మొత్తం తెగి వెళ్ళిపోతే ఆ తీగ ఒక పిన్నును గుంజుతుంది, ట్రైలర్ బ్రేకులు వాటంతట అవే పడతాయి. అవును, ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉంటాయి, కరెంటుతో పనిచేస్తాయి. డ్రైవర్ మోకాలి దగ్గర చిన్న డబ్బా ఉంటుంది, దాని మీద మీట నొక్కితే ట్రైలర్ బ్రేకు మాత్రమే పడుతుంది. మన చెరకు ట్రాలీల్లో ఎన్నింటికి సొంత బ్రేకు ఉందో ఈసారి రోడ్డు మీద చూడండి.

మళ్ళీ కాటా మీదికి పోయాం. అన్నీ లోపలే.

శుక్రవారం పొద్దున ఐదింటికి బయలుదేరాం. ముందు సీటులో అతను, మా వాడు, వెనక నేను. డెన్వరే 5,280 అడుగుల ఎత్తున ఉంది. మన సోలాపూర్ పదిహేను వందల అడుగులు. అక్కడ నుంచి ఐ-70 అనే పెద్ద రోడ్డు పడమరగా ఎక్కుతూనే పోతుంది. అరవై మైళ్ళు పోయాక కొండను తొలిచి వేసిన సొరంగం వస్తుంది. ఐజన్‌హోవర్ సొరంగం. 1973లో తెరిచారు. 11,158 అడుగుల ఎత్తులో, మైలున్నరకు పైగా పొడవు. ఆ ఎక్కుడులో చిన్న కార్లు మమ్మల్ని దాటిపోతుంటే మా డ్రైవర్ కుడి పక్క దారిలో లారీల వెనక ముప్పై అయిదు, నలభై మైళ్ళ మీద నింపాదిగా పోయాడు. తొందర లేదు. ఇంజిను వేడి ముల్లు వైపు మాత్రం మాటిమాటికీ చూసుకుంటున్నాడు.

కొండలు ఇరుపక్కలా పసుపుపచ్చగా ఉన్నాయి. ఆస్పెన్ అని ఒక చెట్టు, సెప్టెంబరు చివర దాని ఆకులన్నీ ఒక్కసారి రంగు మారతాయి. బతుకమ్మకు గుట్ట మీద తంగేడు పూసినట్టే. మా వాడు కూడా అదే అన్నాడు. మన ఇళ్ళలో అది బతుకమ్మ పేర్చే రోజే, తర్వాత చూసుకున్నాం.

సొరంగం దాటాక దిగుడు. అసలు పరీక్ష అక్కడ. నూరు అడుగులకు ఆరేడు అడుగులు దిగే రోడ్డు, మైళ్ళ కొద్దీ. పైన బోర్డుల మీద లారీవాళ్ళకు హెచ్చరికలు ఒకదాని తర్వాత ఒకటి. పక్కన రెండుచోట్ల రోడ్డు నుంచి చీలి కొండ మీదికి ఎక్కే ఇసుక, గులకరాళ్ళ దారి ఉంది. బ్రేకు పోయిన లారీ అందులోకి దూరితే రాళ్ళలో కూరుకుని ఆగిపోతుంది. మేము పోతుంటే ఆ రాళ్ళ మీద చక్రాల గాడులు తాజాగా కనిపించాయి. ఎవరో ఈమధ్యే దూరినట్టుంది. ముగ్గురం చూశాం, ఎవరం ఏమీ అనలేదు.

మా డ్రైవర్ దిగుడు మొదలు కాకముందే గేరు తగ్గించాడు. మధ్యలో తగ్గించడానికి చూస్తే అప్పటికే వేగం పట్టు తప్పి ఉంటుంది. ఇంజినే బండిని పట్టుకుంటుంది, కాలు బ్రేకు మీద పెట్టి ఉంచకూడదు. పెట్టి ఉంచితే బ్రేకు వేడెక్కి, కాసేపటికి నొక్కినా పట్టదు. ఘాట్‌లో మన బావకు జరిగింది అదే. వేగం పెరిగినప్పుడు ఒకసారి గట్టిగా నొక్కి, బాగా తగ్గించి, పూర్తిగా వదిలేస్తాడు. మళ్ళీ పెరిగేదాకా ముట్టడు. వెనక మూడు టన్నులకు దగ్గరగా ఉన్నా బండి గట్టు దిగే ఏనుగులా దిగింది. ఆ బుధవారపు పికప్‌తో ఈ దిగుడు ఎలా ఉండేదో నేను ఊహించుకోదలచుకోలేదు. మా వాడు ఊహించుకున్నట్టున్నాడు. కింద సిల్వర్‌థోర్న్ దగ్గర ఆగినప్పుడు కారులో ఉన్న కొడుకు దగ్గరికి పోయి ఊరికే వాడి తల నిమిరి వచ్చాడు.

ఆగినప్పుడల్లా అతను చేసే పని ఒకటి నాకు బాగా నచ్చింది. ట్రైలర్ చక్రాల నడిమధ్య చేయి పెట్టి చూస్తాడు. నాలుగూ ఒకేలా వెచ్చగా ఉంటే సరే. ఒకటి చేయి పెట్టలేనంత కాలితే బేరింగు పోతోందని, లేదా బ్రేకు పట్టేసిందని. గిర్నిలో జాబర్ పాళీ మొదలవగానే సాంచాల బేరింగుల మీద అరచేయి వేసుకుంటూ పోయేవాడు, గుర్తుందా? ఆ చేయే. ఆ తర్వాత నేనూ అతనితో పాటు రెండోవైపు చక్రాలు పట్టి చూశాను. మాట భాష రాకపోయినా మా ఇద్దరికీ ఆ పనిలో మాట అక్కరలేకపోయింది.

తర్వాత వేల్ పాస్ అనే ఇంకో ఎక్కుడు, పదివేల అరువందల అడుగులు. దాని తర్వాత గ్లెన్‌వుడ్ లోయ. కొలరాడో నది కొండను కోసుకుంటూ పోయిన ఇరుకు లోయలో, నదికి ఒకపక్క రైలు, ఇంకోపక్క రోడ్డు. కొండను పాడుచేయకూడదని రోడ్డును స్తంభాల మీద వేలాడదీసినట్టు కట్టారు, 1992లో పూర్తయింది. అక్కడ నుంచి గ్రాండ్ జంక్షన్, యూటా సరిహద్దు. కొండలు పోయి ఎడారి వచ్చింది. ఎడారిలో పక్కగాలి. ట్రైలర్ గోడ పెద్ద తెరచాపలా గాలి పడుతుంది. ఒకసారి బాగా ఊగింది. డ్రైవర్ స్టీరింగు తిప్పలేదు, కాలి బ్రేకు నొక్కలేదు. ఆక్సిలరేటర్ వదిలి, మోకాలి దగ్గర మీటతో ట్రైలర్ బ్రేకు మాత్రం కొంచెం వేశాడు. వెనక నుంచి ఎవరో బండి చొక్కా పట్టి లాగినట్టు ట్రైలర్ సాపుగా వచ్చేసింది. ఆ తర్వాత యాభై అయిదు మైళ్ళు దాటలేదు.

మధ్యాహ్నం దాటాక మోయాబ్. చిన్న ఊరు, అయిదువేల పైచిలుకు మంది. చుట్టూ ఎర్ర రాయి, పైన నీలి ఆకాశం. పక్కనే ఆర్చెస్ జాతీయ ఉద్యానం, గాలీ నీళ్ళూ చెక్కిన రాతి కమానులు రెండువేలకు పైగా ఉన్నాయి. ఆ ఫొటోలు అందరూ చూసే ఉంటారు, నేను చెప్పేది లేదు. ఏటీవీలు పోయేది ఇంకోవైపు, సాండ్ ఫ్లాట్స్ అనే రాతి మైదానం మీదికి. రాయి గుట్టలు గుట్టలుగా, రొట్టెలు పేర్చినట్టు. దాన్ని స్లిక్‌రాక్ అంటారు, జారుడు రాయి. గుర్రాల ఇనుప లాడాలు జారేవని ఆ పేరు వచ్చిందట. రబ్బరు టైరు మాత్రం దాని మీద జారదు, గరుకు కాగితం మీద లాగా పట్టుకుంటుంది. ఇంటి గోడంత నిటారు రాయిని మా వాడి ఏటీవీ ఎక్కేసింది. నేను ఎక్కలేదు. కింద నిలబడి చూశాను. గుర్తులు వేసిన దారి వదిలి పక్కకు పోకూడదు. ఇసుక మీద నల్లగా పెచ్చులా ఉండేది ప్రాణం ఉన్న మట్టి, దాని మీద ఒక్క చక్రం పోతే మళ్ళీ కట్టుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

నాకు మాత్రం మోయాబ్‌లో ఎక్కువ గుర్తుండిపోయింది ఆ రాళ్ళు కావు. ఊళ్ళోకి వస్తుంటే, నది పక్కన, రోడ్డు వారన, ఎర్రమట్టి తవ్విన పెద్ద మైదానం, చుట్టూ కంచె. అదేమిటని అడిగితే, అక్కడ మిల్లు ఉండేదన్నారు.

మన మిల్లు కాదు, యురేనియం మిల్లు. 1952లో ఆ చుట్టుపక్కల యురేనియం గని బయటపడింది. అణుబాంబుల కాలం, ప్రభుత్వమే కొనేది. పండ్ల తోటల ఊరు ఉన్నట్టుండి మిల్లు ఊరైంది. గనుల రాయిని పొడి చేసి, ఖనిజం తీసుకుని, మిగిలిన పిప్పిని నది ఒడ్డునే పోశారు. 1984లో మిల్లు మూతపడింది. కంపెనీ దివాలా తీసింది. ఒకకోటి అరవై లక్షల టన్నుల పిప్పి మిగిలింది, విషపు మట్టి. ఆ నది నీళ్ళు కింద ఎన్నో పట్టణాలు తాగుతాయి. 2009 నుంచి ఆ మట్టిని రైలు పెట్టెల్లో వేసి ముప్పై మైళ్ళ అవతల క్రెసెంట్ జంక్షన్ దగ్గర గుంత తవ్వి పూడుస్తూ వచ్చారు. 

గనుల్లో పనిచేసినవాళ్ళు ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు, వారిలో నవాహో అనే ఆదివాసీలు ఎందరో. 1990లో పరిహారం చట్టం వచ్చింది, కానీ యురేనియం పనివాళ్ళలో అది గని కూలీలకే. మిల్లులో రాయి పొడి పీల్చినవాళ్ళనూ, ఆ రాయిని లారీల్లో మోసినవాళ్ళనూ ఆ చట్టంలోకి తెచ్చింది 2000లో. అప్పటికి ఎందరు మిగిలారో! పత్తి దుమ్ము తిని దగ్గుతూ పోయిన మన గిర్ని కార్మికుల పేర్లు రాసుకున్న రిజిస్టరు ఎక్కడైనా ఉందా అని నాకు అనిపించింది. జూనీ గిర్ని 1877లో మొదలైంది. అన్ని తరాలు.

మిల్లు పోయాక మోయాబ్ బతికింది ఈ రాళ్ళ మీద తిరిగే బండ్ల వల్లే. మిల్లు మూతపడకముందు నుంచే, 1967 నుంచి, ప్రతి ఈస్టర్‌కు జీపుల జాతర జరుగుతోంది. గనులకు వేసిన కచ్చా దారులే ఇప్పుడు ఏటీవీల దారులు. గిర్ని పోయాక మనవాళ్ళు పవర్‌లూముల మీద, టవల్ కార్ఖానాల మీద బతికినట్టు, వాళ్ళు కిరాయి బండ్ల మీద, హోటళ్ళ మీద బతుకుతున్నారు. అయితే ఊళ్ళో ఇళ్ళ కిరాయి విపరీతంగా పెరిగి, హోటల్లో పనిచేసేవాళ్ళకు ఆ ఊళ్ళో ఉండే స్తోమత లేకుండా పోయిందని మా పక్కన ట్రైలర్ పెట్టుకున్న ముసలాయన చెప్పాడు. ఆయన ట్రైలర్ సెలవులకు తెచ్చింది కాదు. అదే ఆయన ఇల్లు.

మూడు రాత్రులు ఉన్నాం. మెక్సికో అతనికి కోడలు జొన్నరొట్టె చేసి పెట్టింది, జొన్నపిండి డెన్వర్‌లో దొరుకుతుంది. అతను రెండు చేతులతో తిప్పి చూసి, తన ఊళ్ళో మొక్కజొన్నతో ఇలాగే చేస్తారన్నాడు. రొట్టె మీద షేంగా చట్నీ వేసుకుని నాలుగు తిన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు క్రెసెంట్ జంక్షన్ దగ్గర డీజిల్‌కు ఆగాం. పట్టీలు మళ్ళీ బిగించాలి, యాభై మైళ్ళకు ఒకసారి అవి వదులవుతాయి. దూరంగా గుట్ట పక్కన ఆ మట్టి పూడ్చిన చోటు, నున్నగా, ఏమీ మొలవకుండా కనిపించింది. మా వాడు ఒక పట్టీ బిగిస్తూ, ఊళ్ళో తన పికప్‌ను అమ్మనని, ట్రైలర్ మాత్రమే గుంజడానికి అది చాలని చెప్పాడు. ఏటీవీని అతనికే అమ్మేస్తానన్నాడు, అతని బండి మోయగలదు గనుక. ధర అక్కడే, డీజిల్ పంపు పక్కన మాట్లాడుకున్నారు. నేను అటువైపు వెళ్ళి ట్రైలర్ చక్రాల మీద చేయి పెట్టి చూశాను. నాలుగూ ఒకేలా వెచ్చగా ఉన్నాయి.